ఎడమచేతి హారతి

పోయిన వారం రమాకుమారిని మనం పూజగదిలో వదిలి వచ్చాం. వంటింటి మూలకి చెక్క తలుపు బిగించి చేసుకున్న గది అది. బెంగాలీల మధ్య, ఏక్‌బాల్‌పూర్‌లో మూడో అంతస్తు ఇంట్లో అంతకన్న పెద్ద పూజగది ఎక్కడ దొరుకుతుంది? పద్నాలుగు నెలల క్రితం ఆమెకి కుడి రొమ్ము తీసేశారు. ఆ తరవాత మందులు, కరెంటు వైద్యం అన్నీ అయ్యాయి. కార్తీకంలో సత్యనారాయణ వ్రతం చేసి, తెలిసిన తెలుగువాళ్ళందరికీ ప్రసాదం పంచి, జబ్బు తగ్గిపోయిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తగ్గిపోయిన మనిషి రోజూ తలుపు గడియ వేసుకుని మరీ హారతి ఎందుకు ఇస్తోందో ఎవరూ అడగలేదు. శుక్రవారం పొద్దున గడియ సరిగా పడలేదు. పువ్వుల సజ్జతో అత్తగారు అప్పలనరసమ్మ తలుపు తోసింది. కోడలు ఎడమచేత్తో హారతి ఇస్తోంది.

హారతి పళ్ళెం గాలిలోనే ఆగిపోయింది. కర్పూరం మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఏటే ఇది?" అంది అప్పలనరసమ్మ.

రమాకుమారికి పళ్ళెం దింపడానికి లేదు, హారతి మధ్యలో ఆపకూడదు. అలాగని అత్తగారి కళ్ళముందే ఎడమచేత్తో ఇంకో చుట్టు తిప్పడానికి ధైర్యం చాలలేదు. పళ్ళెం కుడిచేతిలోకి మార్చుకుంది. మోచెయ్యి నడుము దాటి జానెడు లేచిందో లేదో, చంకలో కాలుతున్న పుల్ల గుచ్చినట్టయింది. పళ్ళెం ఒరిగింది. కర్పూరం బిళ్ళ జారి గట్టు మీద పడి, ఒకసారి మంట ఎత్తుగా లేచి ఆరిపోయింది.

"ఓలమ్మా! హారతి కొండెక్కిపోనాది!" అప్పలనరసమ్మ సజ్జ కింద పెట్టి రెండు చెంపలూ వాయించుకుంది. తరవాత కోడలి వైపు తిరిగింది. "ఎన్నాళ్ళ బట్టి?"

"అత్తయ్యా..."

"నిన్నే అడుగుతన్నాను. ఎన్నాళ్ళ బట్టి ఈ ఇంట్లో దేవుడికి ఎడంచేతి హారతి?"

"కార్తీకం నుంచి."

అప్పలనరసమ్మ వేళ్ళ కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది. మార్గశిరం దగ్గర మొదలుపెట్టి ఆషాఢం దగ్గర ఆగింది. ఎనిమిది.

"ఎనిమిది నెల్లు! వచ్చీ శుక్రవారం శ్రావణ శుక్రవారం. మన రామమందిరంలో నలబై మంది ఆడోల్లు కుంకుమపూజకి కూకుంటారు. ఆకరి హారతి మా కోడలిస్తాదని అందరికీ నానే సెప్పినాను. గండం గడిసిన మనిషి సేత్తో ఇస్తే అందరికీ మంచిదన్నాను. ఆలందరి ముందరా ఇలగే ఇద్దువా?"

"ఇవ్వలేను అత్తయ్యా. నాకు చెయ్యి లేవదు."

"మరి తగ్గిపోనాదన్నావు కదే!"

"నొప్పి తగ్గలేదు. ఒక్క పూట తగ్గలేదు."

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

అత్తగారికి ఎదురు చెప్పిన అలవాటు రమాకుమారికి లేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో రెండుసార్లో మూడుసార్లో చెప్పి ఉంటుంది. అయినా ఆ ప్రశ్నకి ఎదురు చెప్పింది.

"చెప్పాను కదత్తయ్యా. మొదట్లో చెప్పాను. అప్పుడు మీరేమన్నారు? ప్రాణం దక్కింది, అది చాలదా అన్నారు. మీ అబ్బాయీ అదే అన్నారు. పక్కింటి బెంగాలీ బౌదీ అదే అంది. నిజమే కదా అనుకున్నాను. వ్రతం పీట మీద కూర్చుని, తగ్గిపోయిందని దణ్ణం పెట్టి ప్రసాదం తిన్నాను. తిన్న నోటితో మళ్ళీ నొప్పి అంటే, నువ్విచ్చింది చాల్లేదు స్వామీ అన్నట్టు కాదా?"

అప్పలనరసమ్మ గట్టు మీది మసి కొంగుతో తుడిచింది.

మనలో చాలామందికి ఈ భయం ఉంటుంది. దేవుడు ఒక మేలు చేశాక ఇంకో బాధ చెప్పుకుంటే విశ్వాసం లేని మనుషులమైపోతామని. ఈ మాట ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఏ స్వామి ముందు ఎవరు ఒట్టు వేయించారో కూడా తెలియదు. చిన్నపిల్ల మోకాలి దెబ్బ మానాక తల నొప్పిగా ఉందని ఏడిస్తే, మొన్న మోకాలికి మందు రాశాను కదా, ఊరుకో అని తల్లి అంటుందా? తల్లి అనని మాట ఆయన అంటాడని మనమే ఎందుకు అనుకుంటున్నాం?

అప్పలనరసమ్మ గుమ్మం మీదే కూర్చుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "కల్లుప్పు ఏయించి మూట కట్టి కాపడం పెడతాను, రా," అంది. ఆమెకి తెలిసిన ప్రేమ అది. ఆ ఇంట్లో నడుం పట్టినా, మెడ పట్టినా ఉప్పు మూటే.

"వద్దు." ఆ మాట మరీ తొందరగా వచ్చింది.

"ఏం?"

"వద్దత్తయ్యా. నేనే పెట్టుకున్నాను మాఘంలో."

"పెట్టుకుంటే?"

రమాకుమారి అత్తగారిని లోపలికి జరగమని తలుపు దగ్గరికి వేసింది. పెనుగులాట ముఖంలో కనబడుతూనే ఉంది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమె ఒంటిని ఇంట్లో ఎవరూ చూడలేదు. కట్టుకున్న భర్త చూడలేదు, కన్నకూతురు చూడలేదు. స్నానాల గదిలో అద్దం మీద తుండు వేసి స్నానం చేసేది. ఇప్పుడు అటు తిరిగి, పమిట దించి, రవిక గుండీలు ఎడమచేత్తో ఒక్కొక్కటే తీసింది. లోపల పాత పంచె గుడ్డతో కుట్టుకున్న చిన్న సంచీ ఉంది. దూది కూరి, బరువు కోసం గుప్పెడు ఆవాలు పోసి కుట్టింది. దాన్ని తీసి దేవుడి గట్టు మీద పెట్టబోయి, తప్పనిపించిందేమో, కొంగులో దాచుకుంది.

తరవాత ఇటు తిరిగింది.

ఛాతీ నడిమి నుంచి చంక దాకా ఏటవాలుగా ఒక గీత. అది అప్పలనరసమ్మ ఊహించిందే. ఆ గీతకి కింద, గాజు చుట్టంత మేర, చర్మం ముడుచుకుపోయి గోధుమరంగులో మెరుస్తోంది. అది ఊహించలేదు.

"కాలిందేటే ఇది?"

"ఉప్పు మూట."

"ఇంత కాల్తంటే తెలీలేదేటి? సెయ్యి తీసీవలసింది!"

"తెలీలేదత్తయ్యా. అక్కడ గిల్లినా తెలీదు, వేడి నీళ్ళు పోసినా తెలీదు. గుడ్డ తీసి చూసేసరికి తోలు ఊడి వచ్చింది. పైకి స్పర్శ లేదు, లోపల మాత్రం మంట. మిరపకాయ నూరి పామినట్టు చంక నుంచి చెయ్యి లోపలివైపు పొడుగునా మండుతుంది. ఒక్కోసారి ఫ్యాను గాలికి కొంగు తగిలినా కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుంది. అందుకే రవిక తిరగేసి తొడుక్కుంటున్నాను. కుట్టు లోపలికి ఉంటే ఓర్చుకోలేను."

అప్పుడు చూసింది అప్పలనరసమ్మ. ఎనిమిది నెలలుగా కోడలి రవిక కుట్లు పైకే ఉంటున్నాయి. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న కంటికి కనబడలేదు.

"ఇంకొకటుంది. చెప్తే నవ్వుతారు."

"నవ్వను. సెప్పు."

"లేనిది నొప్పి పెడుతుంది." రమాకుమారి గొంతు తగ్గించింది. దేవుడి పటాలు వినకూడదన్నట్టు. "తీసేశారు కదా, అది. ఉన్నట్టే ఉంటుంది. సలుపుతుంది. ఒక్కోసారి మొన దగ్గర దురద పెడుతుంది. గోక్కుందామని చెయ్యి పెడితే అక్కడ ఏమీ ఉండదు. నాకు పిచ్చి పడుతోందేమో అత్తయ్యా."

అప్పలనరసమ్మ నవ్వలేదు.  కోడలి రవిక తనే అందుకుని, ముందు ఎడమ చెయ్యి, తరవాత కుడి చెయ్యి, చంటిపిల్లకి తొడిగినట్టు తొడిగి గుండీలు పెట్టింది. పెడుతూ, కోడలి వైపు చూడకుండా చెప్పింది.

"మీ మావ సేతికి రెండేల్లు నేవు కదా. నువ్వు కాపరానికొచ్చీతలికి ఆయన పోనాడు, ఫోటోలో సూసుంటావు. ఓడరేవు డాకులో సరుకు దించుతుంటే ఇనప తాడు లాగీసినాది. పుండు మానిపోనాది. మానిపోనాక, పోయిన ఏల్లు మండతన్నాయే నరసా అనీవోడు. గుప్పిటి ముడిసినట్టు, ఇప్పలేనట్టు ఉందనీవోడు. లేని ఏలు ఎలగ మండతాదయ్యా, సారాకి వంక కాపోతే, అనీదాన్ని. ఈ వాటాలో ఉన్నోల్లందరి ముందరా అని నవ్వినాను. ఆలూ నవ్వినారు. ఆ తరవాత మరి సెప్పలేదు. పదకొండేళ్ళు బతికినాడు. ఒక్క నాడు సెప్పలేదు."

చివరి గుండీ పెట్టింది.

"నొప్పి పోనాదనుకున్నాను," అంది.

సాయంత్రం రమాకుమారి కూతురు మౌక్తిక సెక్టర్ ఫైవ్ నుంచి ఆఫీసు బస్సు దిగి ఇంట్లోకి వచ్చేసరికి నానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటమ్మా, ఒట్టి నొప్పికి డాక్టరుంటాడా? జబ్బుకి కాదు, నొప్పికే?"

"ఉంటారు నానమ్మా. పెయిన్ క్లినిక్ అంటారు. ఎవరికి? నీ మోకాళ్ళకా?"

"నా మోకాళ్ళు తగలడనీ. మీ అమ్మకి."

"అమ్మకేమైంది?" మౌక్తిక సంచీ దింపింది.

"అన్నీ కనిపెట్టీ ఆ ఫోనులో మీ అమ్మ నొప్పి కనపడనేదేటి నీకు?"

మౌక్తిక ఎప్పుడూ నానమ్మకి మాటకి మాట అప్పగించే పిల్ల. ఆ రోజు మాత్రం చెప్పులు విప్పకుండానే అక్కడే నిలబడి ఫోనులో వెతికి, మంగళవారానికి పేరు రాయించింది.

భోజనాల దగ్గర సంగతి కొడుకు పట్టాభికి చెప్పింది అప్పలనరసమ్మే. రమాకి చెయ్యి లేవట్లేదట, నేను ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను, అని. అంతకు మించి చెప్పలేదు. పట్టాభి షాలిమార్ రైల్వే గూడ్సు ఆఫీసులో పెద్ద గుమాస్తా. తక్కువ మాట్లాడే మనిషి. అన్నం కలుపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆపి భార్య వైపు చూశాడు.

"నేను రానా?"

"వద్దులెండి. అత్తయ్య వస్తానన్నారు కదా."

"పాత కాగితాలన్నీ అడుగుతారు," అన్నాడు. మళ్ళీ కంచంలోకి చూస్తూ, "మంచిదే. వెళ్ళండి," అన్నాడు.

మంగళవారం పొద్దున్నించీ వాన. ఆస్పత్రి వరండా నిండా తడిసిన గొడుగులు. డాక్టరమ్మ నలభై ఏళ్ళ బెంగాలీ మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడదీసుకుని ఉంది. రమాకుమారిని అక్కా అన్నట్టు దీదీ అనీ, అప్పలనరసమ్మని పిన్నమ్మా అన్నట్టు మాషీమా అనీ పిలిచింది. రమాకుమారికి బెంగాలీ బాగా వచ్చు. అప్పలనరసమ్మది బజారు బెంగాలీ. చేపల దగ్గర, కూరల దగ్గర నేర్చుకున్నది. అయినా యాభై ఏళ్ళ నుంచీ ఈ ఊళ్ళో ఉన్న మనిషి, వింటే అర్థమవుతుంది.

"నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు దీదీ? అసలు లేకపోతే సున్నా. ఓర్చుకోలేకపోతే పది."

రమాకుమారి ఆలోచించింది. "నాలుగు."

"నాలుగా!" అప్పలనరసమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "హారతి పళ్ళెం జారీసినప్పుడు నాలుగేనా? దీని మాట నమ్మకండమ్మా. ఆట్ లిఖో, ఆట్!"

డాక్టరమ్మ నవ్వి ఎనిమిదే రాసింది. తరవాత చాలాసేపు పరీక్ష చేసింది. ముందు దూదితో, తరవాత చల్లటి చెంచా వెనక వైపుతో మెల్లగా తాకుతూ, ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలియడం లేదు, ఎక్కడ తాకితే మంట పుడుతోంది అని అడుగుతూ ఒంటి మీద పెన్నుతో చుక్కలు పెట్టింది. చుక్కలన్నీ కలిస్తే చంక కింది నుంచి మోచేతి దాకా పొడుగాటి మరక ఆకారం వచ్చింది.

"ఇదిగో, మీ నొప్పి ఇల్లు ఇది," అంది. "చంకలో గ్రంథులు తీసేటప్పుడు అక్కడి నుంచి వెళ్ళే సన్నటి నరాలు తెగుతాయి, లేదా సాగుతాయి. ఎంత జాగ్రత్తగా చేసినా జరుగుతుంది. కాల్‌బైశాఖీ గాలివానకి వీధిలో కరెంటు తీగ తెగి పడుతుంది కదా. దాని చివర దీపం ఉండదు, ఇల్లు ఉండదు. అయినా నిప్పురవ్వలు రాలుస్తూనే ఉంటుంది. ఇదీ అంతే. మీకు పిచ్చి కాదు, ఊహ కాదు. ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్ళలో చాలామందికి నెలల తరబడి ఉంటుంది. కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది. వాళ్ళలో సగం మంది నాకు చెప్పరు."

"ఎందుకు సెప్పరు?" అంది అప్పలనరసమ్మ.

"ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలి అంటారు మాషీమా ఇంట్లోవాళ్ళు."

అప్పలనరసమ్మ తల దించుకుంది.

డాక్టరమ్మ చెప్పింది రమాకుమారి చిన్న పుస్తకంలో రాసుకుంది. మామూలు నొప్పి బిళ్ళలు ఈ నొప్పికి సరిగా పని చెయ్యవు. నరాల మంట తగ్గించే మందు వేరే ఉంది. సాయంత్రం పూట చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో మగతగా ఉంటుంది. బాగుందని చెప్పి తనంతట తను ఒక్కసారిగా మానెయ్యకూడదు. మంట పుట్టే చోట రోజూ కాసేపు మెత్తటి పట్టుగుడ్డ, తరవాత నూలుగుడ్డ, ఆ తరవాత తుండుతో నిమరాలి. తాకిడి అంటే దెబ్బ కాదని ఆ చర్మానికి మళ్ళీ నేర్పాలి. స్పర్శ లేని చోట ఉప్పు మూటలు, వేడి నీళ్ళ సంచీలు ఎప్పుడూ పెట్టకూడదు.

"చెయ్యి నొప్పని ఆడించడం మానేశారు. ఆడించక భుజం పట్టేసింది. పట్టేసినందుకు ఇంకా నొప్పి. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని సాలీడులా పైకి పాకించండి. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. రేపు ఆ గీత దాటితే చాలు. మా వ్యాయామం అమ్మాయి దగ్గరుండి నేర్పుతుంది."

"పూర్తిగా పోతుందా డాక్టర్?"

"ఆ మాట ఇవ్వలేను దీదీ. ఎనిమిది నాలుగవుతుందని ఆశ చెప్పగలను. ఈసారి నిజం నాలుగు."

అప్పలనరసమ్మ గొంతు సవరించుకుంది. తన బజారు బెంగాలీలో, మాటకి మాటకి మధ్య వెతుక్కుంటూ అడిగింది. తన భర్తకి రెండు వేళ్ళు పోయాయనీ, పోయిన వేళ్ళు మండుతున్నాయనేవాడనీ, అది నిజమేనా అనీ.

"నిజమే మాషీమా. వేళ్ళు పోతే చాలామందికి అలాగే ఉంటుంది. చాలా నొప్పి."

"అబద్ధం కాదా?"

"కాదు."

అప్పలనరసమ్మ సరేనన్నట్టు తలూపింది. ఒళ్ళో ఉన్న చేతిసంచీ పట్టీని సరిచేసింది. మళ్ళీ సరిచేసింది.

డాక్టరమ్మ ఫైలు దగ్గరికి లాక్కుంది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ఒక చోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకి వచ్చింది.

"ఇది నరాల నొప్పేనని నాకు తొంభై పాళ్ళు అనిపిస్తోంది. మిగిలిన పది పాళ్ళు నేను ఊహతో రాయకూడదు. చికిత్స అయ్యాక నవంబరులో స్కాన్‌కి రమ్మని రాశారు. ఆ రిపోర్టు ఏది?"

ఫ్యాను తిరుగుతోంది. ఫైలులో కాగితం అంచు లేచి పడుతోంది.

"దీదీ?"

"తీయించుకోలేదు," అంది రమాకుమారి.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్ళజోడు తీసి, "ఎనిమిది నెలలు," అని మాత్రం అంది. తరవాత చకచకా రాసింది. రక్తపరీక్ష ఈ రోజే. స్కాన్ రేపు. రిపోర్టులు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి.

శుక్రవారం సాయంత్రం ఆరింటికే కుంకుమపూజ హారతి.

బయట వరండా బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. వాన ఇంకా పడుతోంది. అప్పలనరసమ్మ గొడుగు మొనతో నేల మీది నీటిని అటూ ఇటూ గీస్తోంది.

"నవంబరంటే కార్తీకం. ఆ పొద్దున నానే బొట్టెట్టి పంపినాను నిన్ను. తోడొస్తానంటే మీకెందుకత్తయ్యా మోకాళ్ళతో అన్నావు. నాలుగింటికొచ్చి, అంతా బాగుందన్నారన్నావు. ఆ మాట మీదే కదే వ్రతం సేసినాము!"

"అవునత్తయ్యా."

"దేవుడి ముందర నా సేత అబద్ధం సెప్పించీసినావు."

"అవునత్తయ్యా." రమాకుమారి కళ్ళలో నీళ్ళు లేవు. ఎన్నాళ్ళుగానో చెప్పుకోవాలని దాచుకున్న మాటకి ఏడుపు కూడా ఎండిపోతుందేమో. "ఈ గేటు దాకా వచ్చాను. లోపలికి కాళ్ళు రాలేదు. ఇంత మండుతోందంటే మళ్ళీ వచ్చేసిందనే అనుకున్నాను. నొప్పంటే ఇంకేమిటనుకుంటాం? లోపలికి వెళ్తే ఆ మాట కాగితం మీద రాసిచ్చేస్తారు. రాయకపోతే లేనట్టే కదా అనిపించింది."

"మరి పొద్దల్లా ఎక్కడున్నావు?"

"నది వంతెన దాటే బస్సెక్కాను. షాలిమార్ స్టేషన్లో దిగి, విజయనగరానికి టిక్కెట్టు తీసుకున్నాను."

"అక్కడెవలున్నారే మనకి?"

"ఎవరూ లేరు. అందుకే. మౌక్తికా, మీరూ ఇంకోసారి ఆ వార్త వినడం నేను చూడలేను. ఎవరూ ఎరగని చోట ఏదైతే అది అవుతుందనుకున్నాను. పిచ్చి ఆలోచనే."

గొడుగు మొన ఆగిపోయింది. అప్పలనరసమ్మ కోడలి ఎడమచెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఆ రైలు ఇప్పుడే ఈ వరండా పక్కన వచ్చి ఆగినట్టు.

"రైలొచ్చింది. ఎక్కలేదు. ఎక్కుదామని లేచేసరికి ప్లాట్‌ఫారం చివర ఆయన కనిపించారు. గూడ్సు వైపు నుంచి కాగితాలేవో పట్టుకుని వస్తున్నారు. నా వైపు చూశారు. చూసినట్టే అనిపించింది. తరవాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నన్నే చూశారో, నా వెనక ఇంకెవరినైనా చూశారో నాకు తెలీదు. సాయంత్రం ఇంటికొచ్చి డాక్టరేమన్నాడని అడిగారు. బాగుందన్నాడని చెప్పాను. తలూపారు. వారం తిరక్కుండా నా పక్కనే పీట మీద కూర్చుని వ్రతం చేశారు." ఆమె అత్తగారి ముఖంలోకి చూసింది. "చూసి ఉంటే అడగరా అత్తయ్యా? భార్య టిక్కెట్టు పట్టుకుని స్టేషన్లో కూర్చుంటే ఏ మగవాడైనా అడగకుండా ఎనిమిది నెలలు ఉండగలడా? చూడలేదనే అనుకుంటూ వచ్చాను."

అప్పలనరసమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. పట్టాభి ఆమె కన్న కొడుకు. వేళ్ళు మండుతున్నాయని చెప్పడం మానేసిన మనిషికి పుట్టిన కొడుకు.

ఇద్దరి మధ్యా ఉన్న చేతిసంచీలో కోడలి ఫోను మోగింది. రమాకుమారి అలవాటుగా కుడిచెయ్యి చాపి, మంట పుట్టి ఆగిపోయింది. అప్పలనరసమ్మ సంచీ తెరిచి ఫోను తీసింది. అద్దం మీద కొడుకు ఫోటో వెలుగుతోంది.

"ఇలగుండు," అని కోడలిని వారించి, మౌక్తిక నేర్పినట్టు పచ్చ గుర్తు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. హలో అనలేదు.

అటువైపు గూడ్సు బండి ఏదో కదులుతున్న చప్పుడు. ఆ చప్పుడు మీద నుంచి పట్టాభి గొంతు వచ్చింది. తల్లి ఎన్నడూ వినని గొంతు అది, దెబ్బ తిన్న మనిషి గొంతు.

"రమా... స్కాన్ కాగితం అడిగేరా? అమ్మకి తెలిసిపోయిందా?"

అప్పలనరసమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"రమా, మాట్లాడవేం? ఆ రోజు స్టేషన్లో నిన్ను చూసీ నేను అడగలేదని కూడా చెప్పీసేవా?"